షాక్ ట్రీట్‌మెంట్‌కి ముందొక స్కాన్, తర్వాతొక స్కాన్: మెదడులో రసాయనాలు కొలవడం ఎలా

"నిన్నెప్పుడూ చూళ్ళేదే అమ్మాయ్, కొత్తగా చేరావా?" అని అడిగింది పెద్దావిడ, స్కానర్ బల్ల మీద పడుకుంటూ. నెల కిందట ఇదే బల్ల మీద ఆవిడ తలకి సిగ్నల్ పట్టే కాయిల్ బిగించింది నేనే. గంటసేపు కబుర్లు కూడా చెప్పుకున్నాం. ఈ నెలలో ఆవిడకి 9 సార్లు ఈసీటీ, అంటే షాక్ ట్రీట్‌మెంట్, అయింది. మొహంలోకి కళ వచ్చింది, మాటలో హుషారు వచ్చింది, నేను మాత్రం ఆవిడ జ్ఞాపకంలోంచి చెరిగిపోయాను. "మనం ఒకసారి కలిశామమ్మా" అంటే, "అయ్యో, అలాగా" అని నవ్వేసింది.

ఈసీటీ మీద స్కాన్ స్టడీ మొదలుపెట్టేవాళ్ళకి ముందు ఈ సంగతే చెబుతాను. రెండోసారి వచ్చే మనిషికి మొదటిసారి గుర్తుండకపోవచ్చు. అందుకని గుర్తుపెట్టుకోవాల్సింది మనం. కొత్తగా చేరిన పిల్లలు సాఫ్ట్‌వేర్ గురించి అడుగుతారు, నేను నోట్‌బుక్ చేతిలో పెడతాను. రెండు స్కాన్ల మధ్య మారింది ఈసీటీ ఒక్కటే అయ్యుండాలి. తల పెట్టిన తీరు, వాడుతున్న మందులు, స్కాన్ చేసిన వేళ, మెషీన్ వేడి, వీటిలో ఏది మారినా అది కూడా గ్రాఫ్‌లో రసాయన మార్పు వేషం వేసుకునే వస్తుంది.

ముందు ప్రశ్న తేల్చుకోండి

ఈసీటీని 1938లో రోమ్‌లో ఊగో చెర్లెట్టి, లూచియో బీనీ మొదలుపెట్టారు. అప్పట్లో మత్తు లేకుండానే ఇచ్చారు. ఇప్పుడు మత్తిచ్చి, కండరాలు వదులయ్యేలా సక్సినైల్‌కోలిన్ లాంటి మందిచ్చి, ఆ తర్వాతే కొన్ని సెకన్లు కరెంటు పంపుతారు. దాంతో వచ్చే మూర్ఛ, అంటే ఫిట్స్, మామూలుగా నిమిషం అటూ ఇటూగా ఆగిపోతుంది. వారానికి రెండు మూడు సార్లు, మొత్తం 6 నుంచి 12 సార్లు చేస్తారు. మందులకి లొంగని తీవ్రమైన డిప్రెషన్‌లో కూడా ఇది పనిచేస్తుంది. ఎలా పనిచేస్తుందో మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు.

ఒక ఆధారం ఉంది. సెషన్లు గడిచేకొద్దీ చాలామందిలో మూర్ఛ తెప్పించడానికి కరెంటు ఎక్కువ కావాల్సి వస్తుంది. మెదడు తన బ్రేకులు తానే బిగించుకుంటోందా అన్న అనుమానం అక్కడ పుట్టింది. మెదడులో అసలు బ్రేకు గాబా అనే రసాయనం. మెదడుని ముందుకి తోసేది గ్లూటమేట్. కాబట్టి మొదటి ప్రశ్న ఈ రెండిటి గురించి. ఇక కుటుంబాలు అడిగే ప్రశ్న వేరే: "దీనివల్ల మెదడు కణాలు దెబ్బతింటాయా?" దానికి చూసేది ఎన్‌ఏఏ, అంటే ఎన్-ఎసిటైల్ ఆస్పార్టేట్. ఇది ముఖ్యంగా న్యూరాన్లలో ఉంటుంది. ఈ రెండు ప్రశ్నలకీ స్కాన్ సెట్టింగులు వేరు, చూసే చోటు వేరు. అన్నీ ఒకే గంటలో చేసేద్దామని ప్లాన్ వేసినవాళ్ళ చేతికి చివరికి దేనికీ పనికిరాని డేటా రావడం నేను చూశాను.

సెరటోనిన్, డోపమైన్ లాంటి రసాయనాల్ని అందుకునే రిసెప్టర్లే మీకు కావాలంటే నేను వాడే ఎమ్మారెస్ పద్ధతి పనికిరాదు, పెట్ స్కాన్ కావాలి. అందులో ట్రేసర్ అనే రేడియోధార్మిక పదార్థాన్ని ఒంట్లోకి ఎక్కించి, అది ఎక్కడ చేరిందో చూస్తారు. 5-హెచ్‌టీ1ఏ అనే సెరటోనిన్ రిసెప్టర్ దగ్గర ట్రేసర్ అతుక్కోవడం ఈసీటీ తర్వాత తగ్గిందని 2013లో వియన్నా బృందం పెట్‌తోనే చూపించింది. కానీ అందులో ఇంజెక్షన్ ఉంటుంది, రేడియేషన్ ఉంటుంది. కార్బన్-11 ట్రేసర్ 20 నిమిషాలకల్లా సగమైపోతుంది కాబట్టి దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ పక్కనే ఉండాలి. పైగా ఒకే మనిషిని మాటిమాటికీ స్కాన్ చేయలేం. నేను పనిచేసేది ఎమ్మారెస్‌తో, అంటే మాగ్నెటిక్ రెసొనెన్స్ స్పెక్ట్రోస్కోపీ. మామూలు ఎమ్మారై మెషీనే, సూది లేదు, రేడియేషన్ లేదు.

స్పెక్ట్రమ్ చదవడం

ఎమ్మారై బొమ్మ ఇస్తుంది, ఎమ్మారెస్ గీత ఇస్తుంది. మెదడులో ఒక చిన్న పెట్టెలాంటి భాగాన్ని ఎంచుకుంటాం. దాన్ని వోక్సెల్ అంటాం. అందులోని హైడ్రోజన్ పరమాణువులు ఏ ఏ ఫ్రీక్వెన్సీల్లో పలుకుతున్నాయో వింటాం. ఒక్కో రసాయనానికి ఒక్కో చోటు. అడ్డగీత మీద అంకెలు (పీపీఎం అనే ఫ్రీక్వెన్సీ కొలత) కుడి నుంచి ఎడమకి పెరుగుతాయి, మొదటి వారం అందరూ ఇక్కడే తికమక పడతారు. 2.0 పీపీఎం దగ్గర నిటారుగా, అందరికన్నా ఎత్తుగా నిలబడేది ఎన్‌ఏఏ. 3.0 దగ్గర క్రియాటిన్, దాన్ని ఆనుకుని 3.2 దగ్గర కోలిన్, 3.5 దాటాక మయో-ఇనాసిటాల్. 2.1 నుంచి 2.5 దాకా ముద్దలా కనిపించేది గ్లూటమేట్, గ్లూటమిన్ల కలగలుపు. 3 టెస్లా (అయస్కాంతం బలానికి కొలత) మెషీన్‌లో ఆ రెండిటినీ నమ్మకంగా విడదీయడం కష్టం, అందుకే కలిపి జీఎల్ఎక్స్ అని రాస్తాం. 7 టెస్లా అయితే విడివిడిగా కనిపిస్తాయి.

వీటన్నిటినీ మింగేసే కొండ ఒకటుంది, 4.7 దగ్గర నీళ్ళు. గాబాతో పోలిస్తే నీటి సిగ్నల్ వేల రెట్లు పెద్దది. ముందు దాన్ని అణచాలి, ఆ పైన మిగతావి వినాలి. అణచకుండా కూడా ఒకసారి విడిగా రికార్డు చేసుకోవాలి, లెక్క కట్టేటప్పుడు అదే కొలబద్ద. ఆ చిన్న రికార్డింగ్‌కి అర నిమిషం కూడా పట్టదు. హడావుడిలో దాన్ని మర్చిపోతే ఆ మనిషి డేటా మొత్తం కుంటిదైపోతుంది. నేను రెండుసార్లు మర్చిపోయాను. ఆ తర్వాత మెషీన్‌లో ప్రోటోకాల్‌నే మార్చి, ప్రధాన స్కాన్ అవగానే అదే నడిచేలా పెట్టుకున్నాను.

గాబాతో ఇంకో తలనొప్పి. దాని పీక్, అంటే గీతలో పైకి లేచే శిఖరం, 3.0 దగ్గర క్రియాటిన్ కింద దాక్కుని ఉంటుంది. బయటికి లాగడానికి మెగా-ప్రెస్ అనే పద్ధతి వాడతాం. 1.9 పీపీఎం దగ్గర ఎడిటింగ్ పల్స్ (గాబా సిగ్నల్‌ని మార్చే రేడియో తరంగం) ఇస్తూ ఒకసారి, దాన్ని పక్కకి జరిపి ఇంకోసారి, ఇలా మార్చి మార్చి రికార్డు చేస్తాం. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే మారని క్రియాటిన్ కొట్టుకుపోతుంది, గాబా మిగులుతుంది. టీఈ, అంటే పల్స్‌కీ సిగ్నల్ వినడానికీ మధ్య వ్యవధి, 68 మిల్లీసెకన్లు. గాబాతో పాటు కొన్ని పెద్ద అణువుల సిగ్నల్ కూడా వస్తుంది. అందుకే రిపోర్టులో నిజాయితీగా గాబా ప్లస్ అని రాయాలి.

మనిషిని సిద్ధం చేయడం

మొదటి స్కాన్ మొదటి ఈసీటీకి ముందే అయిపోవాలి, వీలైతే ఒకట్రెండు రోజుల్లోపు. చివరి స్కాన్ ఆఖరి సెషన్ తర్వాత వారంలోపు. మధ్యలో రెండో సెషన్ తర్వాత ఒకటి పెట్టుకుంటే మార్పు ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది. ఆరు నెలలకి ఇంకోటి దొరికితే అదృష్టమే. ఈసీటీ అయిన రోజే మాత్రం స్కాన్ చేయొద్దు. మూర్ఛ తర్వాత మెదడులో లాక్టేట్ పెరిగి ఉంటుంది, ఒంట్లో మత్తుమందు ఉంటుంది. ప్రొపొఫాల్, థయోపెంటాల్ పనిచేసేది గాబా రిసెప్టర్ల మీదే. కీటమిన్ గ్లూటమేట్ రిసెప్టర్‌ని అడ్డుకుంటుంది. మనం కొలవబోయేవాటితోనే ఆడుకునే మందులు ఇవి. కనీసం 24 గంటలు ఆగండి, ఏ మత్తు ఎంత ఇచ్చారో రాసుకోండి.

మిగతా మందుల సంగతి ఇంకా చిక్కు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళు చాలామంది లోరాజెపామ్ లాంటి ఆందోళన తగ్గించే మందులు వాడుతుంటారు. అవి మూర్ఛని అడ్డుకుంటాయి కాబట్టి ఈసీటీ మొదలవగానే డాక్టర్లు తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు. అంటే మొదటి స్కాన్‌లో లోరాజెపామ్ ఉంది, రెండోదాంట్లో లేదు. మధ్యలో గాబా మారితే దేనివల్ల మారినట్టు? గాబాపెంటిన్, విగాబాట్రిన్ లాంటివి గాబానే పెంచేస్తాయి. మేం చేసేది ఏంటంటే, డాక్టరుతో మాట్లాడి, మానేయాల్సిన మందులు మొదటి స్కాన్‌కి ముందే మానేలా చూసుకుంటాం. అలా కుదరని వాళ్ళని స్టడీలో ఉంచుతాం గానీ డోసు తేదీలవారీగా రాసుకుని, లెక్కలో విడిగా చూస్తాం. స్కాన్ కోసం ఒక మనిషి మందు ఆపమని మనం ఎప్పుడూ చెప్పకూడదు. ఆ నిర్ణయం డాక్టరుది.

సమ్మతి పత్రం మీద సంతకం మొదటి రోజే అయిపోయిందని ఊరుకోవద్దు. వచ్చిన ప్రతిసారీ కూర్చోబెట్టి మళ్ళీ చెప్పండి, మళ్ళీ అడగండి. ఒంట్లో లోహం ఉందా అన్న ప్రశ్న మనిషిని ఒక్కరినే కాదు, కూడా వచ్చినవాళ్ళని కూడా అడగండి. ఒకసారి ఒకాయన "ఏమీ లేవండీ" అని గట్టిగా చెప్పాడు. గౌను మార్పించి చూస్తే ఛాతీ మీద ఈసీజీ స్టిక్కరు, దాని మీద లోహపు బొత్తం. ముందురోజు ఈసీటీ అప్పుడు అంటించింది, తీయడం ఎవరికీ గుర్తులేదు. ఆయన తప్పేమీ లేదు, తనకి అంటించిన సంగతే తెలీదు. అప్పట్నించీ మా చెక్‌లిస్టులో ఛాతీ, భుజాలు, చీలమండలు కళ్ళతో చూడాలన్న లైను చేరింది.

సక్సినైల్‌కోలిన్ వల్ల మర్నాడు ఒళ్ళు నొప్పులు, ఈసీటీ వల్ల తలనొప్పి ఉంటాయి. అలాంటి మనిషిని 50 నిమిషాలు కదలకుండా పడుకోమనడం చిన్న మాట కాదు. మోకాళ్ళ కింద దిండు పెట్టండి, మెడ పక్కల మెత్తలు నింపండి. ఎన్ని మెత్తలు, ఏ మందం, అదీ నోట్‌బుక్‌లోకే. రెండు స్కాన్లూ ఒకే వేళకి పెట్టుకోండి. కాఫీ తాగారా, సిగరెట్ కాల్చారా, ఆడవాళ్ళయితే నెలసరిలో ఎన్నో రోజు, ఇవీ అడగండి. నెలసరి దశని బట్టి గాబా మారుతుంది.

స్కానర్ దగ్గర

ముందు టీ1 బొమ్మ (మెదడు ఆకారం చూపే మామూలు ఎమ్మారై) తీయండి, వెంటనే ఎమ్మారెస్ మొదలుపెట్టండి. ఎఫ్ఎమ్మారై, డిఫ్యూజన్ లాంటి వేరే రకం ఎమ్మారై స్కాన్లు చివరికి నెట్టేయండి. అవి మెషీన్‌లోని గ్రేడియెంట్ కాయిళ్ళని బాగా వేడెక్కిస్తాయి. మెషీన్ తిరిగి చల్లబడేటప్పుడు ఫ్రీక్వెన్సీ మెల్లగా జరుగుతూ ఉంటుంది. 3 టెస్లాలో 1 పీపీఎం అంటే 128 హెర్ట్జ్. కొన్ని హెర్ట్జ్‌లు జరిగినా ఎడిటింగ్ పల్స్ గురి తప్పుతుంది, తీసివేత సరిగ్గా జరగక 3.2 దగ్గర కోలిన్ ముక్కలు పైకీ కిందికీ మిగిలిపోతాయి. మా స్టడీలో మొదటి ఆరుగురికి ఎఫ్ఎమ్మారై ముందు, ఎమ్మారెస్ తర్వాత పెట్టారు. ఎఫ్ఎమ్మారై బృందం పెద్దది మరి. ఆ ఆరుగురి గాబా డేటా ఎందుకూ పనికి రాలేదు. ఏడో మనిషి నుంచి వరస మార్పించడానికి నేను మూడు మీటింగులు కూర్చోవాల్సి వచ్చింది.

వోక్సెల్ ఎంత పెద్దది? గాబాకి మామూలుగా 3 సెంటీమీటర్ల ఘనం, అంటే 27 మిల్లీలీటర్లు. 2 సెకన్లకొకటి చొప్పున 320 రికార్డింగులకి దాదాపు 11 నిమిషాలు. ఎవరో ఒకరు ఎప్పుడూ అడుగుతారు, "హిప్పోకాంపస్ మీదే కచ్చితంగా పెట్టేలా చిన్నది చేద్దాం" అని. హిప్పోకాంపస్ అంటే జ్ఞాపకాలకి కీలకమైన మెదడు భాగం. భుజాన్ని సగం చేస్తే ఘనపరిమాణం ఎనిమిదో వంతు. సిగ్నలూ ఎనిమిదో వంతే. పోయినదాన్ని రాబట్టుకోవాలంటే 64 రెట్ల సమయం కావాలి. 10 నిమిషాల స్కాన్ 10 గంటల 40 నిమిషాలవుతుంది. నేను ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తాను, ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు.

చోటు విషయానికొస్తే, డిప్రెషన్ స్టడీల్లో ఎక్కువగా మెదడు ముందు వైపు ఉండే యాంటీరియర్ సింగ్యులేట్ ఎంచుకుంటారు. రెండు అర్ధగోళాల మధ్య గీతని ఆనుకుని ఉంటుంది, సిగ్నల్ బాగా వస్తుంది. హిప్పోకాంపస్ ఆసక్తికరమైన చోటే గానీ దాని చుట్టుపక్కల ఎముకలో గాలి గదులున్నాయి. గాలి ఉన్నచోట అయస్కాంత క్షేత్రం సమంగా ఉండదు, షిమ్ చేయడం, అంటే ఆ క్షేత్రాన్ని సమం చేయడం, నరకం. నీటి పీక్ వెడల్పు 3 టెస్లాలో 12, 13 హెర్ట్జ్ దాటితే నేను ముందుకి వెళ్ళను. మళ్ళీ షిమ్ చేస్తాను, అప్పటికీ రాకపోతే వోక్సెల్‌ని కాస్త తిప్పుతాను. పెట్టె మూల పుర్రెని తాకిందో, 0.9 నుంచి 1.3 మధ్య కొవ్వు వచ్చి కూర్చుంటుంది, లాక్టేట్ చూడాలన్న ఆశ అక్కడితో సరి.

పెట్టె పెట్టాక మూడు వైపుల నుంచీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. రెండో స్కాన్ రోజు ఆ మూడు బొమ్మలూ పక్క స్క్రీన్ మీద తెరిచి పెట్టుకుని, మొదటిదానికి అచ్చు గుద్దినట్టు పెట్టండి. మెషీన్‌లో తలని తానే సరిచూసుకునే ఆటో-అలైన్ ఉంటే వాడండి, కానీ దాని మీదే భారం వేయకండి. తర్వాత కంప్యూటర్‌లో రెండు పెట్టెలూ ఎంత శాతం ఒకదాని మీద ఒకటి పడ్డాయో లెక్కకట్టి రాసిపెట్టండి.

వారానికోసారి ఫాంటమ్‌ని కూడా స్కాన్ చేయండి. లోపల ఎంతెంత రసాయనం ఉందో ముందే తెలిసిన గాజు గోళం అది. స్టడీ మధ్యలో మెషీన్ సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ అయితే తేడా అక్కడే బయటపడుతుంది. మాకు ఒకసారి చెప్పకుండానే అప్‌గ్రేడ్ చేసి వెళ్ళిపోయారు. ఫాంటమ్ లేకపోతే ఆ తేడా అంతా ఈసీటీ ఖాతాలో పడేది.

లెక్క కట్టేటప్పుడు

ఎల్‌సీమోడల్, ఆస్ప్రే, గాబా కోసం గ్యానెట్, ఈ లెక్క కట్టే సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి. ఏది వాడినా మొదటి నుంచి చివరిదాకా ఒకే వెర్షన్ వాడండి. ఫిట్టింగ్ (గీతలోంచి రసాయనాల అంకెలు రాబట్టడం) చేసే మనిషికి ఏది ముందు స్కాన్, ఏది తర్వాతది అన్నది తెలియకూడదు. ఫైలు పేర్లలోంచి తేదీలు తీసేయండి.

చాలామంది అన్నిటినీ క్రియాటిన్‌తో భాగించి నిష్పత్తి రాసేస్తారు. క్రియాటిన్ స్థిరంగా ఉంటుందన్న నమ్మకం అది. ఈసీటీ విషయంలో నాకు ఆ నమ్మకం లేదు. క్రియాటిన్ కణాల శక్తి వ్యవహారంలో ఉండే రసాయనం, పదిసార్లు మూర్ఛలొచ్చిన మెదడులో అది కదలదని ఎవరు హామీ ఇస్తారు? కిందిది మారితే పైది మారినట్టు కనిపిస్తుంది. నీటితో పోల్చి లెక్క కట్టండి, క్రియాటిన్ నిష్పత్తి కావాలంటే పక్కన ఇవ్వండి.

నీటితో పోల్చినా ఒక ఉచ్చు ఉంది, ఈసీటీకి ప్రత్యేకమైనది. ఈసీటీ తర్వాత హిప్పోకాంపస్ పరిమాణం పెరుగుతుంది. అనేక కేంద్రాల డేటా కలిపిన జెమ్రిక్ బృందం దీన్ని 2018లో చూపించింది. మెదడు భాగం ఉబ్బితే అదే పెట్టెలో మెదడు చుట్టూ ఉండే ద్రవం, సీఎస్ఎఫ్, తగ్గుతుంది. సీఎస్ఎఫ్‌లో మనకి కావాల్సిన రసాయనాలు దాదాపు ఉండవు. ముందు పెట్టెలో 14 శాతం సీఎస్ఎఫ్ ఉండి, తర్వాత 10 శాతం అయిందనుకోండి. కణజాలం 86 నుంచి 90 అయింది. లోపల ఒక్క అణువు గాఢత కూడా మారకపోయినా మీ అంకె దాదాపు 4.7 శాతం పెరిగి కూర్చుంటుంది. అందుకని ప్రతి స్కాన్‌లోనూ ఆ రోజు తీసిన టీ1నే గ్రే (మెదడు కణాలుండే భాగం), వైట్ (వాటిని కలిపే తీగల భాగం), సీఎస్ఎఫ్‌గా విడగొట్టి సరిదిద్దాలి. మొదటిరోజు టీ1తోనే రెండూ సరిదిద్దేస్తే ఈ తప్పు అలాగే ఉండిపోతుంది. గాబాకైతే గ్రే, వైట్ తేడా కూడా చూడాలి, గ్రేలో అది సుమారు రెట్టింపు ఉంటుంది.

ప్రతి అంకె పక్కనా సాఫ్ట్‌వేర్ సీఆర్ఎల్‌బీ అని, ఆ అంకె ఎంత అనిశ్చితమో చెప్పే ఒక శాతం ఇస్తుంది. 20 దాటినవన్నీ తీసిపారేయడం ఒక అలవాటు. జాగ్రత్త, నిజంగానే గాబా తక్కువున్న మనిషికి ఆ శాతం సహజంగానే పెరుగుతుంది. డిప్రెషన్‌లో తక్కువుందేమో అని వెతుకుతూ, తక్కువున్నవాళ్ళనే బయటికి తోసేస్తాం. నేను ముందు స్పెక్ట్రమ్‌ని కళ్ళతో చూస్తాను, గీత వెడల్పు చూస్తాను, ఆ తర్వాతే శాతాలు.

పోలికకి మనుషులు కావాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని అంతే వ్యవధిలో రెండుసార్లు స్కాన్ చేయండి. నాకు బాగా నచ్చిన ఉపాయం నార్వేలోని బెర్గెన్ బృందానిది. గుండె లయ తప్పినవాళ్ళకి మత్తిచ్చి ఛాతీ మీద షాక్ ఇస్తారు కదా, వాళ్ళని పోలికగా పెట్టుకున్నారు. మత్తు ఉంది, షాక్ ఉంది, మూర్ఛ లేదు.

పాత ఫలితాలు చదివేటప్పుడు గుర్తుంచుకోండి, ఇవన్నీ చిన్న చిన్న స్టడీలు. 2003లో శనకోరా బృందం తల వెనక భాగంలో గాబా పెరిగిందని చెప్పింది. అదే ఏడాది ఫ్లైడెరర్ బృందం సింగ్యులేట్‌లో తగ్గి ఉన్న జీఎల్ఎక్స్, ఈసీటీ ఫలించినవాళ్ళలో మామూలు స్థాయికి వచ్చిందని చెప్పింది. 2000లో ఎండే బృందానికి హిప్పోకాంపస్‌లో ఎన్‌ఏఏ తగ్గినట్టు కనిపించలేదు, కోలిన్ పెరిగింది. తర్వాత వచ్చినవాటిలో కొన్ని వీటితో కలిశాయి, కొన్ని కలవలేదు. ఎన్‌ఏఏ కాస్త తగ్గినట్టు కనిపించిన చోట కూడా "కణాలు చచ్చిపోయాయి" అని రాయకండి. కోలుకోగలిగిన మార్పుల్లోనూ అది తగ్గుతుంది.

మొదట చెప్పిన పెద్దావిడ రెండో స్కాన్ అయ్యాక వాళ్ళబ్బాయి కన్సోల్ గదిలోకి తొంగిచూశాడు. "మేడమ్, అమ్మకి లోపల కూడా బాగైందా? అందులో కనబడుతోందా?" అన్నాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాను. రెండు గీతలూ స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి, ఇది ఎన్‌ఏఏ, ఇది కోలిన్ అని వేలితో చూపించాను. ఏ చికిత్సా లేని మనిషిని రెండుసార్లు స్కాన్ చేసినా గాబా అంకె 10 శాతం దాకా అటూ ఇటూ అవుతుందనీ, ఒక్కరి గీత చూసి ఏమీ చెప్పలేమనీ, చాలామందివి కలిపి చూస్తేనే ఏమైనా తెలుస్తుందనీ చెప్పాను. అతను కాసేపు రెండు గీతల్నీ మార్చి మార్చి చూశాడు. "రెండూ ఒకేలా ఉన్నాయి మేడమ్" అన్నాడు. అద్దం అవతల వాళ్ళమ్మ గౌను సర్దుకుంటూ, బల్ల దింపుతున్న అబ్బాయితో ఏదో చెప్పి నవ్వుతోంది.